వంటా వార్పుకు స్పాన్సర్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణన్నది నిజం, వినేవాళ్ళుండేవారా అన్నది వేరే సంగతి. కింద బస్సుల హారన్లు, పక్క గదిలో లెక్కల మాస్టారి గొంతు. ఆ రెంటి మధ్య నా వ్యాకరణం ఎవరి దాకా చేరిందో నాకే తెలియదు. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"సార్, స్పాన్సర్ అంటే తెలుగుల ఏమంటరు?"

"పోషకుడు" అన్నాను, నిఘంటువు మింగినవాడిలా.

"మరి మా అన్న దుబాయిల ఉన్నడు సార్. ఆయన స్పాన్సర్ ఆయన పాస్‌పోర్టు గుంజుకొని బీరువల పెట్టిండు. గాయన పోషకుడెట్లయితడు?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు తెలియని మాస్టారికి అంతకంటే మర్యాదైన దారి లేదు.

అప్పటినుంచీ ఆ మాట ఎక్కడ వినబడినా చెవి నిక్కబొడుచుకునేది. చాయ్ బండి దగ్గర కుర్రాళ్ళు "ఇయ్యాల చాయ్ స్పాన్సర్ ఎవడు బే?" అనుకునేవారు. అందులో కపటం లేదు, జేబులో ఉన్నవాడు ఇస్తాడు, లేనివాడు తాగుతాడు. టీవీలోనేమో కథానాయిక ఏడుపును మధ్యలో ఆపించి సబ్బుబిళ్ళ చూపించేవాడు స్పాన్సర్. మా కాలనీ గుళ్ళో ఆయన్నే దాత అనేవాళ్ళు. అక్కడి ఫ్యాను రెక్కల మీద ఒకాయన పేరు ఎర్రరంగుతో రాసి ఉండేది. ఫ్యాను తిరిగినంతసేపూ గాలే వచ్చేది, పేరు కనబడేది కాదు. కరెంటు పోయి మేమంతా చెమటలు కక్కుతుంటే అప్పుడు దాతగారు తీరిగ్గా దర్శనమిచ్చేవారు.

ఇన్ని వేషాలు చూశాక కూడా ఆ మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. అది అర్థమయింది కొత్తపేట దగ్గర, హైవే మీద, తెలంగాణ ఉద్యమం వీధివీధికీ పాకిన రోజుల్లో.

అప్పట్లో వంటా వార్పు అని ఒక నిరసన ఉండేది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం. రాస్తారోకోకు కోపం ఒక్కటి చాలు, వంటా వార్పుకు ఉప్పూ పప్పూ కూడా కావాలి. అందుకే మా కాలనీలో దాని పెత్తనం మగవాళ్ళ చేతినుంచి జారి మా అమ్మ చేతికి వచ్చింది. అమ్మ పోచంపల్లి దగ్గర నేత ఇంట్లో పుట్టిన మనిషి. ఒక్క పోగు రంగు మారినా చీరంతా చెడుతుందనే పట్టుదల ఆమెది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: ప్రతి గడప నుంచీ పిడికెడు బియ్యం రావాలి, అన్నీ ఒకే సంచిలో పడాలి, ఒకే గంజులో, అంటే ఒకే పెద్ద గిన్నెలో, ఉడకాలి.

"ఎవలి బియ్యం ఏవో ఎవలికీ తెల్వద్దు" అనేది.

ఆ సంచి పట్టుకుని ఆమె మా పై వాటాకు కూడా ఎక్కింది. పైన గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ కిరాయికి ఉండేది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె భర్తకు ఎల్బీ నగర్‌లో ఉద్యోగం. మనిషి మంచి మాటకారి. ఉద్యమం వేడెక్కాక మాత్రం బయట నోరు విప్పడం మానేసింది. కొత్తపేట రైతుబజారులో వంకాయలు వేలితో చూపించి, ధర సైగలతో అడిగి తెచ్చుకునేది. నోరు తెరిస్తే ఏ ఊరో తెలిసిపోతుందని భయం.

"మా బియ్యం కూడా తీసుకుంటారా పిన్నిగారూ?" అంది ఆమె గుమ్మంలోనే నిలబడి.

"ఎందుకు తీసుకోను? నువ్వు గీ బిల్డింగుల లేవా? బియ్యమిచ్చుడే కాదు, ఆదివారం ఒచ్చి నా పక్కన కూసోని తినాలె."

"అమ్మో, రోడ్డు మీదకా! ఎవరన్నా ఏమన్నా అంటే?"

"అనని. ఎవడంటడో నేను జూస్త."

ఆమె లోపలికి వెళ్ళి వాళ్ళ ఊరినుంచి వచ్చిన పాత బియ్యం, పిడికెడు కాదు, దోసిలి నిండా తెచ్చి సంచిలో పోసింది. వస్తానని ఒప్పుకుంది. ఆ మాట మీద నిలబడేలా అమ్మ వారమంతా ఆమెకు ధైర్యం నూరిపోస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున హైవే మీద ఇటుకల పొయ్యిలు వెలిగాయి. అమ్మ గంజులో ఎసరు పొంగుతోంది. అప్పుడు ఒక వ్యాను వచ్చి ఆగింది. హయత్‌నగర్ అవతల ప్లాట్లు అమ్మే పెద్దమనిషి ఒకాయన తెల్లబట్టల్లో దిగాడు. ఆయన మనుషులు హాట్‌బాక్సులు దించారు, మూత తీస్తే వెజ్ బిర్యానీ. అబద్ధం ఎందుకు, నా ముక్కు కూడా సిద్ధాంతాలు మరిచి అటే తిరిగింది.

"అమ్మలక్కలు పరేషాన్ కావొద్దని అంత రెడీ చేపిచ్చిన" అన్నాడాయన. "ఇగ పొయ్యిలు ఆర్పుండ్రి."

అమ్మ కలుపుతున్న గంటె ఆపి ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "వంటా వార్పుకు వండిన బువ్వ తెచ్చినవా నాయినా? రేపు నిరాహార దీక్షకు టిఫిన్లు తెస్తవా?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వి, ఫ్లెక్సీ కట్టమని మనుషులకు సైగ చేశాడు. అది గాలికి విచ్చుకోగానే నా నవ్వు ఆగిపోయింది. నిలువెత్తు ముఖం, జోడించిన చేతులు. కింద 'వంటా వార్పు స్పాన్సర్' అని ఆయన పేరు. వీటన్నిటికీ పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, కోస్తా నుంచి వచ్చినవాళ్ళు పెట్టే బేడా సర్దుకోవాలని హుకుం.

ఆ ఫోటో నాకు తెలుసు. అదే ముఖం, అవే చేతులు ఉన్న కరపత్రం అంతకు నెల ముందే మా ఇంట్లో పడింది. మా గుమ్మంలోనే కాదు, పై వాటా గుమ్మంలోనూ పడింది. 'రండి, మీ సొంత ఇంటి కల నిజం చేసుకోండి' అని. ప్లాట్లు కొనడానికి రమ్మన్న చేతులే ఇక్కడ పొమ్మంటున్నాయి. ఫోటోకు మళ్ళీ ఖర్చు కూడా పెట్టలేదు మహానుభావుడు.

నేను ఫ్లెక్సీ కడుతున్న మనిషి దగ్గరికి పోయాను. "అన్నా, పైనున్న లైను తీసేయండి. మా కాలనీ మాట కాదది."

"ప్రింటయినంక ఎట్ల తీస్తం సార్? అయినా స్పాన్సర్ ఇష్టం గద!"

అప్పుడు అర్థమయింది. బియ్యం మావి, పొయ్యి మాది, ఎండ మాది. అందరి తరఫునా మాట్లాడే నోరు మాత్రం ఆయనది. దుబాయి స్పాన్సర్ పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకుంటే, ఈయన మా నోళ్ళన్నీ కట్టకట్టి జేబులో వేసుకున్నాడు. పైగా దానికి మేము థాంక్స్ చెప్పాలి!

వెనక్కి తిరిగేసరికి పై వాటా అక్క కనబడింది. చీర కొంగు కింద స్టీలు పళ్ళెం దాచుకుని రోడ్డు వారగా నిలబడి ఉంది. ఫ్లెక్సీ చదివింది. ఒకసారి అమ్మవైపు చూసింది. పళ్ళెం ఇంకాస్త లోపలికి దోపుకుని, వచ్చిన దారినే గబగబా వెళ్ళిపోయింది.

అమ్మ ఆ పోవడం చూసింది. "బిడ్డా, కండ్లద్దాలు ఇంట్ల మరిచిన. గా బట్ట మీద ఏం రాసిండ్రు?"

ఫెయిలైన పిల్లవాడి మార్కులు చదివినట్టు చదివాను. అమ్మ గంటె పట్టుకునే లేచి ఆ పెద్దమనిషి ముందు నిలబడింది.

"గీ గంజుల గామె బియ్యం గూడ ఉడుకుతున్నయి. ఏవో ఏరిస్తవా? ఏరి పక్కకు పెట్టు. అప్పుడు నేనే పంపిస్త గామెను."

"అమ్మా, గది రాజకీయం. మీకు సమజ్ కాదు."

"రాజకీయం తెల్వకనేనా ఇంత ఎండల కూసున్నది?"

ఈలోగా ఆయన ఫోటోగ్రాఫర్‌కు వేరే కష్టం వచ్చింది. "అన్నా, డబ్బాల బిర్యానీకి పొగ రాదు. జర ఆ పొయ్యి కాడ గంటె పట్టుకో."

ఆయన చెయ్యి చాచాడు. అమ్మ గంటెను వెనక్కి పెట్టుకుంది. "నీ బువ్వ నీ డబ్బాల ఉన్నది, పోయి కలుపుకో. దీనికి స్పాన్సర్ లేడు."

ఆయన పోయి బిర్యానీనే కలిపాడు, ఫోటో దిగాడు, వ్యానెక్కాడు. వరస మాత్రం బిర్యానీ దగ్గరే పెరిగింది, జనాన్ని ఏమీ అనలేను, ఆకలికి మేనిఫెస్టో ఉండదు. కానీ ఇప్పటికీ నా మంట చల్లారదు. అడుగు బొగ్గయ్యేదాకా వండిన ఆడవాళ్ళ తలల మీద అంతసేపూ ఆ ముఖమే ఊగింది, ఆ మాటే ఊగింది. వ్యాను పోగానే ఇద్దరం ముగ్గురం కలిసి ఆ తాళ్ళు విప్పాం. కొడవలి లేక నేను పళ్ళతో కొరికాను. ఉద్యమంలో నా పోరాటమంటూ ఉంటే అదే.

అమ్మ మాత్రం ఎవరికీ వడ్డించకముందే ఒక టిఫిన్ డబ్బా నింపి నా చేతికిచ్చి, ముందు నడిచింది. పై వాటా తలుపు చాలాసేపు తట్టాక తెరుచుకుంది. లోపల అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒస్తనని రాలేదు. అందుకే బువ్వనే తోలుకొచ్చిన" అంది అమ్మ, నేల మీద చతికిలబడుతూ.

అక్క లోపలికి వెళ్ళింది. ఆ స్టీలు పళ్ళెమే తెచ్చింది. ఇద్దరూ అందులోంచే తిన్నారు. కొంత అన్నం జావ, కొంత అన్నం పలుకు.

"సరిగా ఉడకలేదండీ పిన్నిగారూ" అంది అక్క చివరికి.

"ఉడకనియి నీ పాత బియ్యమే బిడ్డా. మా రేషన్ బియ్యం ఎప్పుడో మెత్తగైనయి. నీయి ఇంక బెట్టు చేస్తున్నయి."

అక్క కన్నీళ్ళలోనే నవ్వింది. "మళ్ళీ ఎప్పుడండీ?"

"ఒచ్చే ఆదివారం. గా బట్ట మల్ల కట్టనియ్యం."

"అయితే ఈసారి నా బియ్యం నేనే ముందుగా నానబెట్టి, రోడ్డు మీదకి తెస్తాను" అంది అక్క, పళ్ళెంలో మిగిలిన మెతుకులు దగ్గరికి చేర్చుకుంటూ.