చాచా తెచ్చే బొగ్గులు

కాదు, ఒక్క నిమిషం ఆగండి. చాచా మా ఇంటికి రావడం మానేస్తే దానికి కారణం నేనెలా అవుతాను? ఇంట్లో ఎప్పుడూ ఇదే గొడవ. నానమ్మ నోటితో అంటుంది, తాతయ్య చూపుతో అంటాడు. నేను చేసిన నేరమల్లా హుక్కాకి మంచి బొగ్గు ఎంచడం. దానికి ఇంత శిక్షా?

ఆ రోజుల్లో అంటే మరీ వెనక్కి వెళ్ళిపోకండి. ఇప్పటి ఫోనుకి ముందు ఫోను నా చేతిలో ఉన్న రోజులు. (నేను కాలాన్ని ఫోన్లతో కొలుస్తాను, నానమ్మ ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళతో కొలుస్తుంది.) అప్పుడే ఉద్యోగంలో చేరాను కాబట్టి ప్రపంచంలో నాకు తెలియనిదంటూ లేదు. గంగ ఒడ్డున ఖిదిర్‌పూర్‌లో మేమున్న పాత మేడ ఎక్కితే ఓడలు ఆగే డాక్, దాని క్రేన్లు కనిపిస్తాయి. తాతయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి ఉద్యోగమంతా అలాంటి క్రేను మీదే గడిపాడు. చుట్టలు మాన్పించి ఆయనకి హుక్కా అలవాటు చేసింది చాచా. అదే డాక్‌లో కూలీల సర్దారు. మావాళ్ళ మధ్య బతికి తనకి తోచిన తెలుగు నేర్చుకున్నాడు. ఇద్దరూ రిటైరయ్యాక ప్రతి ఆదివారం సాయంత్రం మేడ మీద ఒక హుక్కా, రెండు కుర్చీలు, ఒక గిన్నెడు మరమరాలు. (హుక్కానే మాన్పించొచ్చుగా అంటారు. డాక్టరు మానమన్నాడు. తాతయ్య డాక్టర్ని మానేశాడు.)

చాచా మెట్లెక్కి వచ్చేటప్పుడు చేతిలో గుడ్డసంచీ, అందులో బొగ్గులు. వాటిని మట్టి మూకుడులో పోసి, విసనకర్రతో విసురుతూ, అవి రాజుకునేదాకా ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. ప్రతివారం అదే పోట్లాట, ఎప్పుడో క్రేను మీంచి జారిపడిన ఒక పెట్టె గురించి.

"క్యా మిస్త్రీ, ఆ రోజు పెట్టె నువ్వే జార్చినావ్ కదా?"

"నాను జార్చినానా? నీ కూలోళ్ళు కట్టిన తాడు ఊడిపోనాది! నా మీదికి తోసీకు!"

ఒక ఆదివారం ఆ నిప్పుని ఫోటో తీసి స్టేటస్ పెడదామని పెద్దది చేసి చూశాను కదా, ఇంకా కాలని ఒక ముక్క మీద నీలం రంగులో సగం బాణం గుర్తు. పెట్టె ఎటు పైకుండాలో చూపిస్తుందే, ఆ బాణం.

"చాచా, ఈ బొగ్గులు ఎక్కడివి?"

"విరిగిన డాక్ పెట్టెలు బేటీ. ఇంట్లో నేనే కాలుస్తా. ఫస్ట్ క్లాస్ చెక్క!"

సరిగ్గా అప్పుడే తాతయ్య దగ్గాడు. ఇంకేముంది, నా ఒళ్ళు మండిపోయింది. పెట్టెలకి రంగు, రంగులో విషం, చెక్కకి పురుగు పట్టకుండా ఇంకేదో మందు. ఆ పొగంతా మా తాతయ్య గుండెల్లోకా! ఆ వారమంతా ఆఫీసులో పని మానేసి బొగ్గుల మీద వీడియోలు చూశాను. ముందుగా పాన్ షాపులో దొరికే బిళ్ళలు కొన్నాను. అగ్గిపుల్ల చూపిస్తే చాలు అంటుకుంటాయి. అంటుకున్నాయి కూడా. చిటపటమని రవ్వలు లేచి తాతయ్య లుంగీకి చిల్లు పెట్టాయి. తొందరగా అంటుకోవడానికి వాటికి మందు పూస్తారని తర్వాత తెలిసింది.

"బొగ్గులకి కూడా పరీక్షలేటే గుంటా? దీపావళి మొన్నే అయిపోనాది కదా!" అంది నానమ్మ.

చివరికి కొబ్బరి చిప్పలతో చేసిన బొగ్గు తెప్పించాను. ముద్దుగా, చదరంగా, వాసన లేకుండా. అంచులన్నీ బూడిద పట్టి తెల్లబడేదాకా కాల్చాలి, మూసిన గదిలో అసలు వెలిగించకూడదు, వాసనైనా రాకుండా ప్రాణం తీసే గ్యాసు వస్తుంది. అన్నీ బట్టీ పట్టాను. వాటిని కాల్చడానికి కరెంటు పొయ్యి కూడా కొన్నాను. మొదటిసారి పెట్టగానే మేడ మొత్తానికి ఫ్యూజు పోయింది. సీరియల్లో కోడలు నిజం చెప్పబోతున్న క్షణంలో పోయిందని నానమ్మ ఈనాటికీ క్షమించలేదు.

మళ్ళీ ఆదివారం చాచా వచ్చేసరికి నా బొగ్గులు హుక్కా మీద ఎర్రగా, బుద్ధిగా కూర్చున్నాయి. విసరక్కర్లేదు, ఎదురుచూడక్కర్లేదు. చాచా గుమ్మంలోనే ఆగి హుక్కాని చూశాడు, తన సంచీని చూసుకున్నాడు. నేను ఫోను ఆయన కళ్ళద్దాలకి ఆనించి వీడియో చూపించాను. నీలం రంగు గురించి ఉపన్యాసం ఇచ్చాను.

"వాహ్, డాక్టర్ బేటీ!" అని నవ్వి సంచీ కుర్చీ కిందకి తోశాడు. రెండు దమ్ములు పీల్చి, "బహుత్ బఢియా," అన్నాడు. ఆ రోజు పెట్టె ఎవరు జార్చారన్న మాటే రాలేదు. మరమరాలు మిగిలిపోయాయి. వెళ్తూ వెళ్తూ సంచీ మర్చిపోకుండా పట్టుకెళ్ళాడు.

పై ఆదివారం మోకాలి నొప్పి అన్నాడు. ఆ తర్వాత ఎవరో చుట్టాలు అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

"ఆ హుక్కాలో పొగాకు మీ తాతది, నిప్పు ఆడిది. మొదట్నించీ అంతే," అంది నానమ్మ. "ఊరికే వొచ్చి ఒకరింట్లో పొగ తాగిపోడానికి ఆడేటి అడుక్కుతినీవోడా? నిప్పు కూడా మనమే ఎట్టేస్తే, ఇంక రావొద్దని సెప్పడమే కదేటే?"

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"సెప్పినాను. నీ సెవుల్లో ఆ బిరడాలు ఎట్టుకుని ఉన్నావు."

కోపమొచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. ఆ కోపంతోనే బొగ్గుల డబ్బా చంకన పెట్టుకుని చాచా ఇంటికెళ్ళాను. "ఇది నీ దగ్గరే ఉంచుకో చాచా. ప్రతి ఆదివారం నువ్వే పట్టుకురా," అన్నాను. అంత గొప్ప ఉపాయం నాకు తప్ప ఇంకెవరికి తడుతుంది!

చాచా డబ్బా తెరిచి, ఒక ముక్క తీసి, తిప్పి చూసి మళ్ళీ పెట్టేశాడు. "మంచి మాల్ బేటీ. కానీ నువ్వు కొన్నది నేను మోస్తే కూలీ అయితా. దోస్త్ ఎట్లా అయితా?"

టీ ఇచ్చాడు. బిస్కెట్లు ఇచ్చాడు. డబ్బా మాత్రం నా చేతికే ఇచ్చాడు. కొన్నాళ్ళకి షాలిమార్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. మధ్యలో గంగ ఉంది, ఆయనకి నిజంగానే మోకాలి నొప్పి ఉంది.

ఇప్పుడు ఆ చదరపు బొగ్గులు నానమ్మ సాంబ్రాణికి పనికొస్తున్నాయి. హుక్కా అటక మీద ఉంది. తాతయ్య దగ్గు తగ్గింది, కొత్త డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు కూడా. ఆదివారం సాయంత్రం తాతయ్య మేడ మీద రెండు కుర్చీలూ వేస్తాడు. ఒకదాంట్లో తను కూర్చుని మెట్ల వైపు చూస్తాడు. నేను ఫోను లోపల పెట్టి వెళ్ళి రెండోదాంట్లో కూర్చుని, "తాతయ్యా, ఆ రోజు పెట్టె నువ్వే జార్చావటగా?" అని రెచ్చగొడతాను. "ఏమోనే అమ్మా, నానే జార్చినానేమో," అంటాడు. ఇన్నేళ్ళ పోట్లాటని అలా ఓడిపోతే నేనేం చెయ్యను?

బొగ్గు విషయంలో మాత్రం నాదే కరెక్టు. ఇప్పటికీ అదే అంటాను. కాదనే ధైర్యం మీకుంటే, ఒక ఆదివారం మా మేడ మీదికి వచ్చి, ఆ రెండో కుర్చీలో కూర్చుని, తాతయ్య ముందు చెప్పండి. చెప్పగలరా?