మెడ తిప్పే దిష్టిబొమ్మ

ఆ ఏడు మా కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద రామచిలుకలు తెగబడ్డాయి. దిష్టిబొమ్మ కడితే దాని భుజం మీదే కూర్చుని కాయలు కొరికేవి. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళికి ముందు పొన్నూరులో ఒక స్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. పిల్లల ప్రాజెక్టులకని కొన్న చిన్న కంట్రోలర్ బోర్డు, సర్వో మోటార్లు పెట్టెలో ఊరికే పడి ఉన్నాయి. సర్వో అంటే గిర్రున తిరిగే మోటారు కాదు. ఎంత తిరగమంటే అంత తిరిగి ఆగుతుంది. థర్మకోల్‌తో తేలికగా కొత్త బొమ్మ చేసి, మెడకొకటి, చేతికొకటి, రేకు డబ్బా వాయించే పుల్లకొకటి బిగించాను. చిలకలు హడలిపోయాయి.

హడలింది చిలకలే కాదని తర్వాత తెలిసింది. కల్లంలో ఆడవాళ్ళు కూర్చుని తాలు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయలు, ఏరుతుంటారు. సాయంత్రం పోతూ పోతూ తలా గుప్పెడు తాలు కొంగున కట్టుకుంటారు. వాళ్ళు అడగరు, మేం ఇవ్వం. చూసీ చూడనట్టు ఊరుకోవడమే ఆనవాయితీ. బొమ్మ వచ్చాక కొంగులు ఖాళీగా వెళ్తున్నాయి. కబుర్లూ ఆగిపోయాయి. అందరిలో పెద్దావిడను పక్కకు పిలిచి అడిగాను.

"ఆ బొమ్మలో కెమెరా పెట్టారంట గదా అమ్మాయిగారూ? మేం అన్నాలకి కూర్చోంగానే మా వంకే తిప్పుద్ది మెడ."

"నీ మొహం! దాంట్లో కెమెరా ఏంటి మామ్మా?" అని నవ్వేశాను.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే నిజమే. వాళ్ళు రేకుల నీడన క్యారేజీలు విప్పగానే బొమ్మ ఒక్క కుదుపుతో అటే చూసింది. చేసినదాన్ని నేనే అయినా ఒక అడుగు వెనక్కి వేశాను. ఎవరైనా చెయ్యి పెట్టారా అని వైర్లన్నీ తడిమాను. తప్పు నాదే. మోటార్లన్నిటికీ కరెంటు ఆ కంట్రోలర్ బోర్డు నుంచే ఇచ్చాను. మధ్యాహ్నం గాలి లేచి చేతులకు అడ్డం కొడితే మోటార్లు ముక్కుతూ కరెంటంతా లాగేస్తున్నాయి. బోర్డు ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలవుతోంది. మొదలైతే ముందు మెడను మధ్యకు తేవాలని ప్రోగ్రాంలో నేనే రాశాను. ఆ మధ్యకు ఎదురుగా ఉన్నది రేకుల నీడ.

మోటార్లకు వేరే బ్యాటరీ పెట్టి, దాని నెగటివ్‌ను బోర్డు గ్రౌండ్‌తో కలిపాను. కుదుపు పోయింది. అనుమానం మాత్రం పోకపోగా పెరిగింది.

"మేం కనిపెట్టామని ఆపించారు," అంది పెద్దావిడ.

ఒక్కొక్కరే మానేయసాగారు. మబ్బు పడుతోంది. తాలు ఏరి బస్తాలకెత్తేలోగా కాయ తడిసిందంటే ఏడాది కష్టం బూజు పడుతుంది. ఈ పుకారు పక్క కల్లం ఆసామి పనే అనుకున్నాను. మనుషుల్ని తన వైపు లాక్కోవడానికి అంతకు తెగించే రకమే. అతను ఎదురుపడితే పలకరించడం కూడా మానేశాను.

చివరికి, మిగిలినవాళ్ళందరినీ పిలిచి బొమ్మ తల రెండు చెక్కలు చేశాను. పెద్దావిడ లోపల వేలు పెట్టి కెలికింది. మోటారు, మేకు, జిగురు. "ఇంతేనా!" అని నవ్వేసింది. అందరూ నవ్వారు. మానేసినవాళ్ళను కూడా పొద్దున్నే తీసుకొస్తానంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే మా ఆయన గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చి బండి ఆపాడు. మా ఇంటి మగవాళ్ళకు మెల్లగా మాట్లాడటం చేతకాదు.

"ఏంటే ఇది? తల ఎందుకు పగలగొట్టావ్?"

"ఇందులో కెమెరా లేదని చూపిద్దామనీ..."

"నీకేవన్నా బుద్ధుందా? ఉందని చెప్పించింది నేనేగా! ఆ మాట పుట్టినకాడ నుంచీ గుప్పెడు తాలు బయటికి పోలా. అంతా పాడుచేశావ్!"

ఒక్కరూ నవ్వలేదు. సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆయన్ను ఆ మోటార్ల వైర్లతోనే కట్టేయాలన్నంత కోపం వచ్చింది. వాళ్ళు లేచి చీరలు దులుపుకుంటున్నారు.

"పొద్దున్నే వస్తారుగా మామ్మా?" అన్నాను.

"చూద్దాంలేమ్మా," అంది పెద్దావిడ, నా వంక చూడకుండా.

మా వైపు ఎవరైనా అలా అన్నారంటే, ఇక రారని అర్థం.