గ్లాసు మావయ్య తెచ్చిన పంపు

ఏ వస్తువైనా సరే, దాని మోత వినందే గ్లాసు మావయ్య ఇంట్లోకి రానివ్వడు. స్టీలు గ్లాసు మూతిని వస్తువుకు ఆనించి, అడుగును చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. ఆ గ్లాసు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంటుంది. మిక్సీ కొనబోయి పదకొండు మిక్సీలు విని, పన్నెండోదాన్ని తెచ్చాడు. చెల్లెలికి సంబంధం వచ్చినప్పుడు పెళ్ళికొడుకు స్కూటరుకు గ్లాసు ఆనించి, "ఇంజన్ను బాగా చూసుకుంటున్నాడు, నెమ్మదస్తుడు" అని అక్కడికక్కడే తేల్చేశాడు. ఆ స్కూటరాయన కూతురే ఈ కథలో మేనకోడలు. న్యాయంగా ఆ గ్లాసు మీద ఆమెకు కాస్త గౌరవం ఉండాలి. ఈ కథ జరిగిన మూడు వారాలు మాత్రం లేదు.

పెడల్ బండ్ల పందెం కోసం ఆమె రెండేళ్ళు కష్టపడి ఒక బండి కట్టుకుంది. మూడు చక్రాలు, ముందు ముక్కులాంటి తొడుగు. సాధన చేస్తుండగా ఆ ముక్కు కాస్తా గోడకు తగిలి రెండు చెక్కలైంది. ముక్కు లేని బండిని పందెంలోకి రానివ్వరు.

"కార్బన్ ఫైబర్‌తో నేను చేసిపెడతానే, దిగులు పడకు" అన్నాడు మావయ్య. ముప్ఫయ్యేళ్ళు పడవల కార్ఖానాలో అచ్చులు చేసిన చెయ్యి ఆయనది. వారం తిరక్కుండా అచ్చు తయారైంది. నల్లటి ఫైబర్ గుడ్డ వచ్చింది, దాన్ని గట్టిపరిచే జిగురు, రెజిన్ డబ్బా వచ్చింది. గుడ్డను అచ్చు మీద పరిచి, ప్లాస్టిక్ సంచితో మూసి, లోపలి గాలంతా పంపుతో లాగేయాలి. అప్పుడే రెజిన్ గుడ్డంతా సమంగా పాకుతుంది. అది గట్టిపడేదాకా ఎనిమిది గంటలు పంపు తిరుగుతూనే ఉండాలి. ఇక కావలసింది ఆ పంపొక్కటే.

మొదటి దుకాణంలో మావయ్య గ్లాసు తీసి పంపుకు ఆనించాడు.

"ఇది అరుస్తోందయ్యా."

"పంపు కదండీ, పాడదు మరి" అన్నాడు దుకాణదారు. "దీనంత గట్టిగా గాలి లాగేది ఊళ్ళో ఇంకోటి లేదు."

"లాగుతుంది, కాదన్ను. ఎనిమిది గంటలు అరుస్తుందే, దాని సంగతేంటి?"

"స్విచ్ వేసి మీరు బయటికెళ్ళిపోండి. ఎవరు వింటారు?"

మావయ్య ఆయన వైపు జాలిగా చూసి గ్లాసు సంచిలో పెట్టుకున్నాడు.

రెండో దుకాణంలో పంపు దగ్గుతోందన్నాడు. మూడోచోట పళ్ళు కొరుకుతోందన్నాడు. నాలుగో దుకాణంవాడు గ్లాసు చూడగానే మంచినీళ్ళు పోశాడు. పందెం ఇంకా ఐదు రోజులే ఉంది.

మేనకోడలికి ఓపిక నశించింది. తెలిసిన ఏసీ మెకానిక్‌ని బతిమాలి, అతని పంపు తెచ్చుకుంది. పొద్దున్నే దాన్ని మావయ్య ఇంటి మెట్లెక్కించలేక అవస్థ పడుతుంటే, కింది వాటాలో ఉండే అంబులెన్సు డ్రైవరు ఓ చెయ్యి వేశాడు. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పంపు పైన దింపి, ఆవలిస్తూ తన వాటాలోకి వెళ్ళిపోయాడు.

స్విచ్ వేయగానే బల్ల మీది స్పూన్లు నడక మొదలుపెట్టాయి. మావయ్యకు గ్లాసు కూడా అక్కర్లేకపోయింది. అర నిమిషంలో ప్లగ్గు పీకేశాడు.

"నా పందెం కన్నా నీ చెవులే ఎక్కువా మావయ్యా?"

ఆయన నేల వైపు చూస్తూ చెవి గోక్కున్నాడు.

"ఆయనతో ఏం వాదిస్తావులేవే" అంది అత్తయ్య. "పెళ్ళిచూపుల్లో నా గొంతు కూడా ఇలాగే విన్నాడు."

"తర్వాత?"

"తర్వాత వినడం మానేశాడు."

ఎల్లుండి పందెం అనగా, మావయ్య పాత సామాన్ల దుకాణం నుంచి నల్లటి కుండలాంటిదొకటి భుజాన వేసుకొచ్చాడు. పాడైపోయిన ఫ్రిజ్‌లోంచి ఊడదీసిన కంప్రెసర్. గాలి పీల్చే గొట్టానికి సంచి తగిలిస్తే పంపులాగే పనిచేస్తుంది.

"ఇదా?" మేనకోడలికి ఏడుపొక్కటే తక్కువ. "ఇది ఎప్పటికి లాగుతుంది మావయ్యా?"

"నిదానంగా లాగుతుంది. కానీ నోరెత్తదు."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టారు. తెల్లారితే బండి తనిఖీ, ఇక రెండో అవకాశం లేదు. కంప్రెసర్ గురగురమంటూ గాలి లాగింది. గాలి ఎంత లాగిందో చూపే మీటరు ముల్లు ముప్పావు వంతు దాకా వెళ్ళి ఆగిపోయింది. సంచిలోకి ఎక్కడో గాలి దూరుతోంది. పెద్ద పంపయితే అంత చిన్న సందును లెక్కచేయదు, దీనికి అంత ఊపిరి లేదు.

మావయ్య గ్లాసు తీశాడు. సంచి అంచు వెంట అంగుళం అంగుళం వింటూ వెళ్ళి, మూడో మూల దగ్గర ఆగాడు. "ఇక్కడ ఈల వేస్తోంది." అక్కడ జిగురు పట్టీని బొటనవేలితో గట్టిగా అదిమాడు. ముల్లు చివరిదాకా వెళ్ళింది. అప్పుడు రెజిన్ వదిలారు.

సాయంత్రం ఐదున్నరకు ఆమె చెత్త పడేద్దామని కిందికి వెళ్తే, డ్రైవరు గుమ్మంలో ఒళ్ళు విరుచుకుంటున్నాడు.

"పని ఇవాళేనన్నారు మీ మావయ్యగారు. ఎప్పుడు మొదలుపెడతారమ్మా? చెవుల్లో పెట్టుకోడానికి దూది కూడా కొనుక్కున్నాను."

"పొద్దున్నించీ నడుస్తూనే ఉందండీ."

"నిజంగానా? నాకేం వినబడలేదే. ఆయనదెప్పుడూ అదే గోల, ఎప్పుడు పడుకుంటావు, ఎప్పుడు లేస్తావు అని. నాకేం ఇబ్బంది లేదు, ఎంత మోతైనా చేసుకోండన్నా వినరే."

ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ పైకొచ్చింది. మావయ్య నేల మీద బోర్లా పడుకుని, గ్లాసు నేలకు ఆనించి వింటున్నాడు. పక్కనే చెక్క సుత్తి ఉంది.

"గురక ఆగి చాలాసేపయింది" అన్నాడు తల ఎత్తకుండా. "లేచాడంటావా? అచ్చు ఊడాలంటే సుత్తితో కొట్టాలి."

"లేచాడు మావయ్యా. ఇప్పుడే మాట్లాడాను."

"హమ్మయ్య. రాత్రంతా బండి తోలేవాడు, పగలైనా నిద్రపోవద్దూ? నువ్వయితే పందెం పోయినా పర్లేదంటావేమోనని నీకు చెప్పలేదు."

తాను అలా అని ఉండేదాన్ని కాదని మేనకోడలికి తెలుసు. సిగ్గేసింది.

నాలుగు దెబ్బలకు ముక్కు ఊడొచ్చింది, నల్లగా, నున్నగా. మావయ్య దాన్ని వేలితో తడుతూ గ్లాసుతో అంతటా విన్నాడు. లోపల ఎక్కడా బోలు లేదన్నాడు.

ఆమె చెయ్యి చాపింది. "ఓసారి ఆ గ్లాసు ఇలా ఇవ్వు మావయ్యా."

దాన్ని ఆయన చొక్కా జేబు మీద ఆనించి, కళ్ళు మూసుకుంది.

"ఏమంటోందే?"

"ఇంజను బాగానే ఉంది" అంది.