నూనె తగిలిన ప్లాటినం

డెబ్బైల చివర అమలాపురంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా ఉండేవాణ్ణి. ఆ కాలేజీ కట్టిన స్థలం మా తాతగారిచ్చింది. నా కాలానికి మాకు మిగిలినవి ఇంటిపేరూ, నిటారుగా నడిచే అలవాటూ.

వానలు మొదలవగానే మా ఇంట్లో తాళాలకీ గొళ్ళేలకీ తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసేవాళ్ళం. ఆ ఏడు లాబొరేటరీ ఇనుప సామానుకూ నా చేత్తోనే రాశాను. నూనె రాసిన పటకారుతోనే ఓ రోజు ప్లాటినం పీచును సీసాలోంచి తీశాను.

ఆస్‌బెస్టాస్ పోగుల మీద ప్లాటినం సన్నగా పూసిన పీచు అది. దానిమీదికి హైడ్రోజన్ వదిలితే అగ్గిపుల్ల గీయకుండానే మంట లేస్తుంది. ఆ రోజు క్లాసులో గ్యాసు బుస కొట్టిందే గాని మంట రాలేదు.

"అగ్గిపెట్టి ఇమ్మంటారాండీ?" అన్నారెవరో వెనక బెంచీలోంచి.

పటకారు నూనె పీచుకంటిందని అప్పుడు తెలిసింది. స్పిరిటుతో కడిగాను, జిడ్డు పూర్తిగా వదల్లేదు. సగం పీచును బర్నరు మీద కాల్చాను. నూనె పోయింది గాని, ఆ వేడికి ప్లాటినం రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

"అజాగ్రత్త వల్ల పాడైందని ఓ కాయితం రాసివ్వండి. కొత్తది అడుగుదాం" అన్నారు మా హెడ్డుగారు.

"మిగిలిన సగం బాగుచేసి చూపించాక మాట్లాడతానండీ" అన్నాను. మా వంశంలో క్షమాపణ కాగితం రాసినవాడు లేడు.

గాలి చాలా పల్చబడ్డ గొట్టంలోకి కరెంటు పంపితే లోపలి గాలి విద్యుత్ కణాలుగా విడిపోయి, వెలిగే ప్లాస్మా అవుతుంది. పెద్ద వేడి లేకుండానే లోహం మీది జిడ్డును అది తినేస్తుందని లైబ్రరీలో చదివాను. అలాంటి గొట్టం, పంపు ఫిజిక్సు వాళ్ళ దగ్గరున్నాయి. అక్కడి లెక్చరరుగారి తండ్రి ఒకప్పుడు మా పొలాల్లో పాలేరు. మా ఇంటి పద్ధతిలో అయితే కబురు పంపాలి. నేనే వెళ్ళాను.

"కబురంపితే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అన్నారాయన.

"అడగాల్సింది నేను. నేనే రావాలండీ."

ఆయన కుర్చీ జరిపారు. "మా నాన్న మీ అరుగు మీద ఏనాడూ కూర్చోలేదండీ. మీరు మాత్రం కూర్చునే అడగాలి. నిలబడి అడిగితే ఇవ్వను."

కూర్చున్నాను. అంత కష్టమైన కుర్చీలో మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు.

పీచును పల్చగా విడదీసి గొట్టంలో పరిచాం. లోపల ఊదారంగు వెలుగు నిండింది.

"మీ కొబ్బరినూనె నా పంపులోకొచ్చిందంటే ఊరుకోనండోయ్!"

"ఆయ్" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మూడు మధ్యాహ్నాలు అలా నడిపాం. నాలుగో రోజు అదే క్లాసులో, హెడ్డుగారి ఎదుట హైడ్రోజన్ వదిలాను. పీచు ఎర్రబడింది, టప్పుమని మంట లేచింది. వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయి.

"ఇంక కాయితం అక్కర్లేదులెండి" అన్నారు హెడ్డుగారు.

"ఇప్పుడు రాస్తానండీ" అని అక్కడే కూర్చుని రాశాను. పాడుచేసింది నేనని, ఫిజిక్సు లెక్చరరుగారు లేకపోతే బాగయ్యేది కాదని. కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను.