కాలరు మైకు, ఆరు కుర్చీలు

ఆ మధ్యాహ్నం మొగల్తూరు దగ్గర ఆ పాకలో ఉన్నవి: ప్లాస్టిక్ కుర్చీలు ఆరు, కూలరు ఒకటి, కొత్త దుప్పటి పరిచిన మంచం ఒకటి, తొమ్మిది రకాల వంట. ఉన్న మనుషులు: మా ఇంటికి రోజూ చేపలు తెచ్చే అత్త, ఆవిడ ఇంటికి భోజనానికొచ్చిన నాయకుడుగారు. వీధిలో ఊరంతా. సౌండు మిక్సరు దగ్గర నేను. (జాబితా రాయకుండా నేను ఏదీ మొదలుపెట్టలేను.)

డిప్లొమా చేతికొచ్చి, ఉద్యోగం రాక, మావయ్య సౌండు సిస్టం షాపులో పనిచేసిన రోజులవి. ఆ వయసులో నాకు పెద్దమనుషులందరూ దొంగలే. ఈ నాయకుడుగారు పేదరికం మీద ప్రచారం చేస్తూ ఊరికో పేదింట్లో భోంచేస్తున్నారు. అదంతా నటనేనని పద్నాలుగు అనుమానాలు నంబర్లేసి రాసుకుని జేబులో పెట్టుకున్నాను. "ఒరే, వైర్లు చూసుకో, నాయకుల సంగతి నీకెందుకు," అన్నాడు మావయ్య. వినలేదు. వీధిలో ప్రసంగం అయ్యాక ఆయన కాలరు మైకు తీయకుండానే లోపలికి వెళ్లారు. మిక్సరు మీద ఆ మైకు మీటను కిందికి దించి గొంతు ఆపాలి. నేను పైకెత్తాను. చాటున అసలు మాట బయటపడుతుంది, ఊరంతా వింటుంది అని నా లెక్క.

స్పీకర్లలో ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, ఏమీ అనుకోకండి. ఈ కూలరు ఎవరిదండి?"

వీధిలోంచి ఒకాయన చెయ్యెత్తాడు. "మాదేనండి."

"కుర్చీలు మావండి. రెండు మాత్రం బడివి," అంది ఇంకొకావిడ.

"రొయ్యల ఇగురు నేను వండిచ్చానండి. ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కోండి," అంది మరొకావిడ.

ఎన్నడూ ఎవరి ముందూ 'లేదు' అనని అత్త పరువును నేను వీధిలో పెట్టేశాను. (మీట దించవచ్చని అప్పటికీ తట్టలేదు. చదువుకున్నవాణ్ణి కదా.)

స్పీకర్లలో ఆవిడ గొంతు వచ్చింది. "మరి ఇంటికొచ్చిన మనిషికి చద్దన్నం పెడతామేంటండి?"

"అదే పెట్టండమ్మా. మీలాంటివాళ్ల ఇళ్లలో తిని తిని నాలుగు కిలోలు పెరిగాను. పేదరికం గురించి మాట్లాడటానికి మైకు పట్టుకుంటే సిగ్గేస్తోంది."

ముందు అత్త నవ్వింది, స్పీకర్లలోనే. తర్వాత వీధి నవ్వింది.

ఆయన చద్దన్నం, ఎండుచేప తిన్నారు. అత్త గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది. "ఏంట్రా అబ్బాయ్, మా గుట్టంతా ఊరికి వినిపించావు. రా, ఈ తొమ్మిది రకాలూ నువ్వే తిను."

తిన్నాను. ఉప్పు సరిపోయింది.

ఆ అనుమానాల కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఎప్పుడైనా తీసి, అంత శ్రద్ధగా నంబర్లేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. పద్నాలుగింటిలో పదకొండు కొట్టేశాను. మిగిలినవి మూడు.