ఛార్జింగ్ ముల్లు

ఆ రోజు ట్రాక్టర్ ఆపాలంటేనే భయం. ఖిల్లా ఘణపూర్ దగ్గర అక్క కౌలుకు పట్టిన చేలో పల్లి విత్తుతున్నాం. వాన పడి మూడు రోజులైంది. సాయంత్రానికి పదును ఆరిపోతే మందు పట్టించిన గింజలు వృథా. మళ్లీ విత్తనం తెచ్చుకునే దారి అక్కకు లేదు.

నీళ్లు తాగుదామని ఒక్కసారి ఆపాను. సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంది. కూలివాళ్లు, అక్క కలిసి వాలులోకి తోస్తే ఇంజన్ అందుకుంది. మిగిలింది చదును నేల. వెనక విత్తే గొర్రు లోతుకు దిగి ఇంజన్ ఆగిందంటే అక్కడ ఎవరు తోసినా కదలదు. బ్యాటరీకి కరెంటు ఎక్కుతోందో లేదో చూపే ఛార్జింగ్ ముల్లు మాత్రం మధ్యలోంచి కదలడం లేదు.

నాకు కోపం వస్తే ముందూ వెనకా కనిపించదు. "నీ దరిద్రం నా బండికి పట్టింది" అన్నాను అక్కతో. ఆమె గొర్రు మీద గింజలు సర్దుకుంటూ కూర్చుంది.

నెల కింద డైనమో బాగుచేసిన వనపర్తి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. తిట్టిపోస్తూనే, వైరు పీకి చూస్తానని చెప్పి బ్యాటరీ వైరు మీద చెయ్యి వేశాను. వెనకటి డైనమోలకు నాన్న అలాగే, ఇంజన్ నడుస్తుండగా వైరు పీకి, కరెంటు పుడుతోందో లేదో చూసేవాడు.

"అన్నా, వైరు పీకకు! ఇప్పటి డైనమో గట్ల చేస్తె లోపల మొత్తం మాడిపోతది" అని అరిచాడతను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"టెస్టు బల్బు ఒక తంతి బ్యాటరీ ప్లస్‌కు పెట్టు. ఇంకోటి ఇంజన్‌కు తాకిచ్చు."

వెలిగింది.

"ఇప్పుడు డైనమో ఒంటిని జర గీకి, ఆడ తాకిచ్చు."

వెలగలేదు. అదే చెప్పాను.

"అన్నా, పండుగకు రంగేసినవా?"

వేశాను. దసరా పూజకు అందరూ బండి కడిగి బొట్లు పెడతారు. నాకది చాలదు. డైనమో విప్పి, అది కూర్చునే పట్టీకి సందు లేకుండా నీలం రంగు పూసి బిగించాను. ఇనుముకు ఇనుము తగలకుండా చేసి, డైనమో కరెంటు తిరిగే ఎర్త్ దారి మూసేసింది నేనే.

ఇంజన్ ఆపే వీలు లేదు. ట్రాలీ లైటు వైరు ముక్క కోసి, తిరుగుతున్న ఫ్యానుకు బెత్తెడు దూరంలో చెయ్యి పెట్టి, ఒక కొస డైనమో ఒంటికి, ఇంకో కొస ఇంజన్ బోల్టుకు బిగించాను. ముల్లు ప్లస్ వైపు దూకింది.

ఎకరం దాటాక గట్టి నేలలో గొర్రు పట్టేసి ఇంజన్ ఆగిపోయింది. చేనంతా నిశ్శబ్దం. ఇంజన్ నడవందే గొర్రు పైకి లేవదు. క్లచ్ తొక్కి సెల్ఫ్ కొట్టాను. ఒకసారి మూలిగి, రెండోసారికి అందుకుంది.

వెనక్కి తిరిగాను. "అక్కా, తప్పు నాదే. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"ఫోన్ల అంత ఇన్న" అంది అక్క. "నువ్వన్న మాట నేను సచ్చేదాక యాదుంటది తమ్మీ. ఇప్పుడైతే నడుపు, పదును పోతది."

బండి కదిలించాను. సాలు చివరిదాకా మళ్లీ వెనక్కి చూడలేకపోయాను.