గాలి రాని గదికి లేసు తెర

పదకొండేళ్లుగా ఒక కిటికీని మోస్తున్నాను. నవ్వకండి, చాలా బరువు. చీమను ఏనుగంత చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. వినేవాళ్లు సగం కొట్టేసి నవ్వుకుంటారు. ఒక్కసారి మాత్రం ఒకావిడ మొత్తం నమ్మేశారు. ఆ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో, బట్టల కొట్ల నెత్తిమీద, ఐదో అంతస్తులో ఒక కొత్త గది. ఓనరు దాన్ని స్టూడియో అపార్ట్‌మెంట్ అనేవాడు. మంచం దిగకుండానే పొయ్యి ఆర్పొచ్చు, కాలు చాపితే తలుపు గడియ పడుతుంది. లిఫ్టు ఉంది. అది చూసి రమ్మన్నది సుగుణ టీచరుగారు. నేను గుమస్తాగా ఉన్న స్కూలుకే నరసాపురం నుంచి బదిలీ మీద వస్తున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. స్కూలేమో ఆ వీధి చివరే.

వెళ్లాను. కిటికీ తీశాను.

కింద వెయ్యి ఆటోలు అరుస్తున్నాయి. పైన మాత్రం ఎవరో నా చెవుల్లో దూది పెట్టినట్టుంది. మేడల సందులో చీర అంచంత గోదావరి. దాని మీద వంతెన, వంతెన మీద అగ్గిపెట్టెంత బస్సు, కదులుతోందో ఆగిందో తెలియదు. గాలి నా చొక్కాలో దూరి, నన్ను నది మీద రెండు చుట్లు తిప్పి తెచ్చి దింపింది. ఎవరి కోసం వచ్చానో మరిచిపోయానా? మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేది!

సాయంత్రం ఆవిడ ఫోన్ చేశారు.

"ఎలా ఉందండి గది?"

"గదా అది? గుహండి బాబూ! పట్టపగలు పన్నెండింటికి నా చెయ్యి నాకు కనపడితే ఒట్టు. గాలి రావాలంటే అర్జీ పెట్టుకోవాలి."

ఆవిడ పకపకా నవ్వారు. "ఊరికే అన్నానండి" అనాలి అక్కడ. ఎప్పుడూ అనే మాటే. ఆ రోజు అనలేదు.

"అయ్యో, వద్దులెండి అయితే. మీకు శ్రమ ఇచ్చాను."

"ఫర్వాలేదండి. ఒంటిగాణ్ణి, నేనే సర్దుకుంటాను. ఓనరు మరీ బతిమాలుతున్నాడు."

దొంగతనం చాలక త్యాగం కూడా చేశాను, చూశారా?

ఆవిడకి గోదావరి అవతల కొవ్వూరులో ఇల్లు దొరికింది. రోజూ బస్సు, వంతెన, బస్సు దిగాక ఆ మోకాళ్లతో నడక. నేను కొత్త గదిలో పాలు పొంగించిన వారం తర్వాత స్కూల్లో ఒక పొట్లం చేతికిచ్చారు. లేసు తెర. సొంతంగా అల్లారట. "చీకటి గది కదండీ, కాస్త తెల్లగా కంటికి ఆనుతుందని."

ఆ కిటికీకే కట్టాను. గాలి దాన్ని ఒక్క పూట కుదురుగా వేలాడనివ్వలేదు. పొద్దున్నే కాఫీ పట్టుకుని నిలబడితే లేసు కన్నాల్లోంచి నది ముక్కలు ముక్కలుగా మెరిసేది. వంతెన మీద అగ్గిపెట్టె బస్సు. అందులో ఆవిడ. గది ఖాళీ చేసి ఆవిడకి ఇచ్చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఇస్తే, ఆ వెలుతురు ఎప్పుడొచ్చిందని చెప్పను? నిజంగా అదే అడ్డమా, లేక నాకు ఆ గాలి వదలబుద్ధి కాలేదా? రెండోదే.

పోయిన నెల ఆవిడ రిటైరయ్యారు. స్కూలు మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని దిగుతూ, "మీ గుహ ఎలా ఉందండి?" అని నవ్వారు. నేను ఆవిడ సంచి అందుకున్నాను. మర్నాడు నరసాపురం వెళ్లిపోయారు.

తెర ఇప్పుడు కూడా ఈ కాగితం మీదికి ఎగిరొచ్చి పడుతోంది. దాన్ని పక్కకి తోసి రాస్తున్నాను. ఈ గదికి గాలి వస్తుంది. వెలుతురు వస్తుంది. గోదావరి కనిపిస్తుంది.

ఇందులో ఏదీ పెంచి చెప్పలేదు.